ఎవరూ పంపని మెసేజీ

2024 వేసవి. గాజువాక దాటాక, ట్రైలర్ లారీలు పగలనక రాత్రనక తిరిగే రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రి. అందులో గుండె జబ్బుల విభాగంలో నేను సీనియర్ స్టాఫ్ నర్సుని. ఆసుపత్రి పేరు చెప్పను. ఇందులో కనిపించే మనుషుల పేర్లు కూడా అసలువి కావు. చుట్టూ ఫ్యాక్టరీలే కాబట్టి మా దగ్గరికొచ్చేవాళ్ళు చాలామంది డ్యూటీ బట్టల్లోనే వస్తారు. చొక్కా విప్పి పడుకోమంటే, "బేగి కానిచ్చీ సిస్టరమ్మా, బస్సెల్లిపోద్ది" అంటారు. నాకు నోరెక్కువ. "బస్సు పోతే ఇంకోటొస్తుంది, గుండె పోతే ఇంకోటొస్తుందా? కదలకుండా పడుకో" అని కసురుతాను. తిట్టించుకున్నవాడే మళ్ళీ వచ్చినప్పుడు నా కోసం వెతుక్కుంటాడు.

ఆ ఏడే మా ఈసీజీ మెషీన్‌కి ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి జోడించారు. ఈసీజీ సంగతి అందరికీ తెలిసిందే. ఛాతీ మీద, చేతులకీ కాళ్ళకీ లీడ్స్ అనే వైర్లు అతికిస్తే గుండెలో పుట్టే కరెంటు గళ్ళ కాగితం మీద గీతలుగా పడుతుంది. ఆ గీతలు చూసి డాక్టరు ఇప్పుడు గుండె ఎలా ఉందో చెబుతారు. ఈ సాఫ్ట్‌వేర్ గొప్పేమిటంటే, గీతలు బాగానే ఉన్నా ముందుముందు ఏం జరగొచ్చో చెబుతుందట. ఎక్కడెక్కడి వాళ్ళ ఈసీజీలనో చూసి నేర్చుకుందట. స్క్రీన్ మీద చిన్న గడి ఒకటి వస్తుంది. పచ్చగా వస్తే ఫర్వాలేదు, పసుపైతే కనిపెట్టి ఉండాలి, ఎరుపైతే ప్రమాదం. బిగించడానికి వచ్చిన కంపెనీ అతన్ని, "ఎరుపు ఎందుకొచ్చిందో కూడా చెబుతుందా బాబూ?" అని అడిగాను. "కారణం చెప్పదు మేడమ్, రిజల్ట్ చెబుతుంది" అన్నాడు, అదేదో సుగుణమైనట్టు.

పైడిరాజు ఆ రోజుల్లోనే వచ్చాడు. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. దగ్గర్లోని ఒక ప్రైవేటు స్టీలు కంపెనీలో లేడిల్ క్రేన్ ఆపరేటరు. లేడిల్ అంటే కరిగిన ఉక్కు నింపే బ్రహ్మాండమైన బాన. షెడ్డు కప్పు కింద పట్టాల మీద క్రేన్ నడుస్తుంది, దాని కేబిన్‌లో కూర్చుని పైడిరాజు ఆ బానని కొక్కేలకి తగిలించుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్తాడు. ఏళ్ళ తరబడి కిందికే చూసి చూసి మెడ అలా వంగిపోయింది. వాళ్ళ కంపెనీ ఏటా ఒకసారి క్రేన్ ఆపరేటర్లని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మా దగ్గరికి పంపుతుంది.

"ఏమయ్యా, ఆయాసం, గుండెదడ ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"మా యావిడ కోప్పడితే దడొత్తాది సిస్టరమ్మా. మరేటీ లేదు."

"ఆ దడకి మా దగ్గర మందు లేదు. ఫోన్ నంబరు చెప్పు."

చెప్పాడు. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందంటే సన్యాసి అన్నాడు, బావమరిదట. నీ నంబరు చెప్పవయ్యా అంటే నవ్వాడు. క్రేన్ కేబిన్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. పైడిరాజు పైనుంటే, సన్యాసి కింద నిలబడి చేత్తో సైగలు చేస్తూ క్రేన్‌ని నడిపిస్తాడు. సిగ్నల్‌మేన్ అంటారు. ఇంట్లోంచి ఏ కబురొచ్చినా సన్యాసి టీకి వెళ్ళినప్పుడు ఫోన్ చూసుకుని పైనున్నవాడికి చెబుతాడు. అందుకని పిల్లల బడికీ, బ్యాంకుకీ, గ్యాస్ వాళ్ళకీ అన్నింటికీ ఆ నంబరే. "మా కాడ పైనున్న ఓపరేటర్లందరం కిందోడి నంబరే ఇత్తాం" అన్నాడు పైడిరాజు. బాగానే ఉంది కదా అని అదే రాసుకున్నాను.

ఈసీజీ బాగుంది. మా డాక్టర్ రహమాన్ గారు చూసి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, ఫిట్ అని సంతకం పెట్టారు. పైడిరాజు బస్సు అందుకోవడానికి పరిగెత్తాడు. సాఫ్ట్‌వేర్ రిజల్టు ఆ రోజుల్లో చాలా ఆలస్యంగా వచ్చేది. మర్నాడు ఉదయం స్క్రీన్ మీద అతని పేరు పక్కన ఎర్ర గడి వెలిగింది. మాకు వచ్చిన మొదటి ఎరుపు అదే. డాక్టరు గారు కాగితం తెప్పించి మళ్ళీ చూశారు, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశారు. ఏమీ కనబడలేదు. "పిలిపించండి సిస్టర్, భయపెట్టకుండా చెప్పండి" అన్నారు. నేను ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళే వచ్చారు. పైడిరాజు, అతని వెనకాల సన్యాసి. ఇద్దరి ఒంటి మీదా మసి పట్టిన డ్యూటీ బట్టలు. సన్యాసి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎవరు రోగో తెలియని వాళ్ళెవరైనా అతన్నే మంచం మీద పడుకోబెట్టేవారు. అతను ఫోన్ నా ముందు పెట్టాడు. మా ఆసుపత్రి పేరుతో మెసేజీ. "ప్రియమైన పైడిరాజు గారూ, మీకు ప్రాణాంతకమైన గుండె లయ సమస్య ఆకస్మికంగా వచ్చే ప్రమాదం: అధికం. మీ వైద్యుణ్ణి సంప్రదించండి." కింద, ఈ రోజు మీకు ఆనందంగా గడవాలని కోరుతున్నామంటూ నవ్వుతున్న బొమ్మ.

ఇలా దానంతటదే మెసేజీ వెళ్ళే ఏర్పాటు ఒకటి ఉందని మాకెవరికీ తెలియదు. బిగించినవాళ్ళు పెట్టేసి వెళ్ళిపోయారు.

"టీ తాగుతన్నాను సిస్టర్" అన్నాడు సన్యాసి. "సదివినాను. మళ్ళీ సదివినాను. ఈలోగా ఉక్కు కరిగినాది, హీట్ రెడీ అని ఈల ఊదీసినారు. ఎల్లి నా సోటులో నిలబడ్డాను. పైన సూత్తే మా బావ. లేడిల్ వొత్తంది. నా నెత్తి మీంచి కాదు, పక్కనించే. రోజూ అలాగే వొత్తది. ఇన్నేళ్ళు నాను దాని వంక బయంగా సూడ్నేదు. ఇయ్యాల సూసినాను. లోన ఉక్కు ఎర్రగా ఊగుతంది. బావకి ఇప్పుడే ఏటైనా అయితే? ఇప్పుడే అయితే? రెండు సేతులూ బారజాపి ఆపీమన్నాను."

ఆపమన్న సైగ చూడగానే పైడిరాజు ఆపేశాడు. "మా పన్లో రూలొకటున్నాది" అని నాకు వివరించాడు. "కదపమని సైగ ఒక్క సిగ్నల్‌మేనే ఇవ్వాల. ఆపమని ఎవులైనా ఇవ్వొచ్చు, కేంటీన్ వోడిచ్చినా ఆపాల్సిందే. ముందు ఆపాల, తరవాత అడగాల. మెల్లగా స్టాండ్ మీదికి దింపీసి, నిచ్చెన దిగి పరిగెట్టుకొచ్చినాను. ఎవులికి తగిలినాదిరా అన్నాను. ఎవులికీ తగల్లేదు బావా, నీకే అని ఫోన్ సూపించినాడు."

అప్పటికే చుట్టూ జనం మూగారట. ఒకడు ఆ మెసేజీని పైకి చదివాడట. పైడిరాజు గుండె సంగతి పైడిరాజు కంటే ముందు షెడ్డు మొత్తానికి తెలిసింది. ఫోర్‌మన్ వచ్చి, డాక్టరు కాగితం లేనిదే ఇంకెక్కొద్దన్నాడు.

"ఇది ఎవులు పంపినారు సిస్టర్?"

"ఎవరూ పంపలేదయ్యా. దానంతటదే వెళ్ళింది."

"ఎవులూ పంపకండా ఎలాగొచ్చినాది?"

నాకు భయం వేసింది, భయం వెంటే కోపం కూడా వచ్చింది. ఇలాంటి మాట రోగికి చెప్పాలంటే మేం ఎంత తంటాలు పడతాం! కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తోడు ఎవరొచ్చారో చూసుకుని, ముఖం చూస్తూ కొంచెం కొంచెంగా చెబుతాం. ఇదేమో నవ్వు బొమ్మతో, క్రేన్ కింద నిలబడే మనిషికి పంపింది.

రహమాన్ గారు ఆ రోజే ఎకో తీశారు, అంటే గుండెకి చేసే స్కానింగు. మర్నాడు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. హోల్టర్ అనే చిన్న డబ్బాని ఒంటికి కట్టి ఒక పగలూ రాత్రీ గుండె లయంతా రికార్డు చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ ఈసీజీ తీస్తే మళ్ళీ ఎరుపే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాస్తే, ఫలితం ప్రకారం మీ వైద్య విచక్షణతో నిర్ణయించుకోండి అని జవాబొచ్చింది. ఆ జవాబు చదివి నేనన్న మాటలు ఇక్కడ రాయకూడదు.

ఆ రిపోర్టులన్నీ పట్టుకుని వాళ్ళిద్దరూ డాక్టరు గారి ముందు కూర్చున్న రోజు నేనూ గదిలోనే ఉన్నాను. పైడిరాజు అరవలేదు, ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు.

"మాలాంటోళ్ళ గుండెలు సూసినాదా సార్ అది? ఫర్నేసు కాడ సెమటోడ్సినోడి గుండె?"

"నాకు తెలియదు పైడిరాజూ. అడిగాను. చెప్పలేదు."

"నాది దానికి సూపించొద్దని నానంటే?"

"అడగాల్సింది. మిమ్మల్నెవరూ అడగలేదు. అది తప్పే."

"అది సెప్పింది తప్పయితే ఎవుల్ని పట్టుకోవాల?"

"నన్ను."

"మీరు సెప్పలేదు గదా సార్. మీరు బాగున్నాదనే అన్నారు."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మా డాక్టరు మంచివాడని పొగడ్డానికి కాదు, ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. పైడిరాజు ఇలా అన్నాడు: "మీరు ఫిట్టని రాసీండి సార్, నానెక్కుతాను. నాకు బయమైనా ఎక్కుతాను, ఆ పనే నాకొచ్చు. కానొక్కటి. నానెక్కినాక మీరొచ్చి మా సన్యాసి పక్కన నిలబడతారా?"

సన్యాసి నేల చూపులు చూస్తున్నాడు.

"నిలబడలేను" అన్నారు డాక్టరు గారు. "అది చెప్పక ముందైతే నిలబడేవాణ్ణి. ఇప్పుడు నిలబడలేను."

అంత చదువుకున్న మనిషి, అన్ని పరీక్షలూ తన చేత్తో చేసినవాడు, కారణం తెలియని ఎర్ర గడికి భయపడ్డాడు. నేనైనా నిలబడగలనా అనుకున్నాను. నిలబడలేను. మేమంతా మెషీన్ని నమ్మామని కాదు. నమ్మకపోతే ఏమవుతుందోనని భయం. ఉక్కు బాన పక్కన ఒకడు కాదు, నలుగురుంటారు. ఫిట్ అనే మాట రాయకుండా, మరికొంత కాలం కనిపెట్టి చూడాలని రాసి ఇచ్చారు.

పైడిరాజుని స్టోర్స్‌లో వేశారు. బోల్టులూ, గ్లోవ్స్ ఇచ్చే కౌంటరు. ఉద్యోగం పోలేదు, జీతంలో కొంత కోత పడింది. ఆ సంగతి అతను ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. అతన్ని తినేసింది అది కాదు. చెకప్‌కి వచ్చినప్పుడు అతని భార్య పార్వతి చెప్పింది, నిద్రలో ఉలిక్కిపడి లేచి మణికట్టు మీద వేలేసుకుని కూర్చుంటున్నాడట. మెట్లెక్కడం మానేశాడట. చంటి మేనకోడల్ని ఎత్తుకోమని ఇస్తే ఎత్తుకోవడం లేదట. "ఎత్తుకున్నప్పుడే గుండె ఆగిపోతే పిల్ల పడిపోద్ది గదే అంటన్నాడు సిస్టర్. ఏటి సెప్పాల నాను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను మేనేజ్‌మెంట్ మీద పడి పోట్లాడి ఆ మెసేజీలు ఆపించాను. ఆపించగలిగింది అంతవరకే.

వానలు వెళ్ళాయి, చలికాలం వచ్చింది. ఒక రోజు సాఫ్ట్‌వేర్ కంపెనీ అతను మళ్ళీ వచ్చాడు. కొత్త వెర్షన్ వేశాడు. ఇంకా ఎక్కువ ఈసీజీలు చూపించి నేర్పించారట, పాత తప్పులు దిద్దారట. అతను వెళ్ళాక డాక్టరు గారు నన్ను పిలిచి, "పైడిరాజుది వేసి చూద్దాం" అన్నారు. వేసవిలో తీసిన అదే ఈసీజీ. ఒక్క గీత మారలేదు. గడి పచ్చగా వచ్చింది. రెండోసారి ఎరుపొచ్చిన ఈసీజీ కూడా వేశారు. అదీ పచ్చే. సంతోషించాలో వద్దో తెలియలేదు. నేను కంపెనీ అతనికి ఫోన్ చేసి, "నువ్వే వచ్చి ఈ మాట ఆ మనిషికి చెప్పు" అన్నాను. "రోగులతో మేం మాట్లాడకూడదు మేడమ్, మా పాలసీ" అన్నాడు. "మాట్లాడకూడదా? మెసేజీ మాత్రం పంపొచ్చా?" అని ఫోన్ పెట్టేశాను.

పైడిరాజుని పిలిపించాం. ఎప్పటిలాగే ఇద్దరూ వచ్చారు. డాక్టరు గారు దాచకుండా అంతా చెప్పారు. పైడిరాజు ఆయన్నే అడిగాడు.

"అప్పుడు అబద్దం సెప్పినాదా, ఇప్పుడు సెప్తందా?"

"రెండుసార్లూ దానికి తోచింది చెప్పింది. నా పరీక్షలు అప్పుడూ ఇప్పుడూ బాగానే ఉన్నాయి. నేను ఫిట్ అని రాస్తాను. ఈసారి మీరడిగితే వచ్చి నిలబడతాను కూడా."

"రేపు ఇంకో కొత్తదొచ్చి మళ్ళీ ఎరుపంటే?"

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. తెలియదని.

అప్పుడు సన్యాసి లేచి నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో నా ఎదుట అతను గట్టిగా మాట్లాడడం అదే మొదలు. "మీరొద్దు సార్. అది నా సోటు. నువ్వెక్కు బావా. నాను కింద నిలబడతాను. నాకు బయం లేదు." నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రిజిస్టరు తెచ్చే వంకతో బయటికి వచ్చేశాను.

పైడిరాజు క్రేన్ ఎక్కాడు. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారని, పార్వతి కొబ్బరికాయ కొట్టించిందని విన్నాను. పోనీలే, గండం గడిచిందనుకున్నాను. సంక్రాంతి ఇంకా రాకుండానే ఒక సాయంత్రం ఓపీ అయిపోయే వేళకి ఒక్కడే వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. చూపించుకోవడానికి కాదట.

"దిగీసినాను సిస్టరమ్మా. ఇంకెక్కను."

"ఏమైందయ్యా? నొప్పొచ్చిందా?"

"ఏటీ రాలేదు. ఇన్నేళ్ళు నాకు గుండె ఉన్నాదనే తెలీదు. ఇప్పుడు కేబిన్‌లో కూకుంటే అదే ఇనిపిస్తంది, అంత రొదలోన కూడా. బాన లేపీసరికి నా సెవులు కొక్కెం మీద ఉండవు, గుండె మీదుంటాయి. నిన్న కిందికి సూసినాను. సన్యాసి సైగ సేత్తన్నాడు. ఆడి సెయ్యి వణుకుతంది సిస్టర్. బయం లేదన్నాడు, నోటితోటి అన్నాడు. సెయ్యి దాసుకోనేకపోనాడు. ఆ సెయ్యి సూసి నాను బాన ఎలాగ నడపాల?" లేస్తూ అన్నాడు, "మెషీను దాని మాట మార్చీసుకున్నాది. మాకలాగ మార్చుకోడం రావట్లేదు."

నేను చాలా చెప్పాను. డాక్టరు గారు చెప్పారు. మానసిక వైద్యుల దగ్గరికి కూడా పంపాం, కొన్నాళ్ళు వెళ్ళాడు, నిద్ర కుదుటపడింది. క్రేన్ మాత్రం ఎక్కలేదు. ఇప్పటికీ స్టోర్స్‌లోనే ఉన్నాడు, ఏడాదికోసారి చెకప్‌కి వస్తాడు. ఈసీజీ తీయించుకుంటాడు గానీ, దాన్ని సాఫ్ట్‌వేర్‌కి చూపించొద్దని ముందే నా చేత మాటిప్పించుకుంటాడు. మొదటిసారి అది చెప్పింది నిజమా, రెండోసారి చెప్పింది నిజమా అని నేనొకసారి రహమాన్ గారిని అడిగాను. "తెలియాలంటే అతను పైకెక్కి ఉండాలి, పడిపోనన్నా పడిపోవాలి, పడకుండా రిటైరన్నా అవ్వాలి" అన్నారు. ఎరుపు తప్పని తేల్చే అవకాశాన్ని ఆ ఎరుపే తీసేసింది. సాఫ్ట్‌వేర్ లెక్కల్లో అతను క్షేమంగా ఉన్నాడు.

ఇలాంటివి రావొద్దని నేను చెప్పను. ఆ తర్వాత ఒకామెకి అదే గడి ఎర్రబడితే వెతికి, నిజంగానే ఉన్న జబ్బుని పట్టుకున్నాం. ఆమె బతికింది. కానీ పైడిరాజు తర్వాత నేను పని చేసే తీరు మారింది. ఒకసారి విన్న మాటని విననట్టు చేయడం ఏ డాక్టరు వల్లా కాదు, ఏ కొత్త వెర్షన్ వల్లా కాదు. అందుకని అడగడమేదో లీడ్స్ అతికించక ముందే అడుగుతాను. "మెషీన్ కూడా చూస్తుంది. చూడనివ్వాలా? అది ఏమన్నా అంటే నీకు వినాలనుందా? ముందు ఎవరికి చెప్పమంటావు?" మా ఊరి పాతనగరంలో బట్టల కొట్టున్న ఒక పెద్దాయన, "నాకే చెప్పాలి బేటీ, నా గుండె కదా" అన్నాడు. హార్బరు దగ్గర చేపలమ్మే ఒకావిడ, "నువ్వు సెప్తే ఇంటాను తల్లీ, ఫోన్ సెప్తే ఇన్ను" అంది. కొందరు వద్దంటారు, వాళ్ళకి చూపించను.

మొన్న కంచరపాలెం నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. నా ప్రశ్నలన్నీ విన్నాడు. చొక్కా గుండీ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"మరి నువ్వు తీయించుకున్నావేటి సిస్టర్?"

ఆ మెషీన్ పక్కనే రోజంతా నిలబడతాను. ఇన్నాళ్ళలో ఒక్కసారీ ఆ మంచం మీద పడుకోలేదు.

"లేదయ్యా" అన్నాను. "నాకు భయం."